ముద్దాయికి తెలియని తీర్పు

ప్రజాభిప్రాయము ప్రభుత్వములను నిలుపును; కూల్చును. కాని అభిప్రాయమను పేర చెలామణి యగుచున్న ప్రతి మాటయు అభిప్రాయము కాదు. ఒకరి నోట విని, మరియొకరికి చెప్పి, పదిమంది పలికినంతనే పరమసత్యముగా నెంచబడు మాటలు కొన్ని గలవు. చేతికి వచ్చిన నాణెమును మ్రోగించి చూచుకొను వర్తకుడు సైతము ఇట్టి మాటలను మ్రోగించి చూడడు. నేడు మన పఠనమందిరములలోను, రైలుపెట్టెలలోను, కచేరీల వసారాలలోను అట్టి మాటలు మూడు విరివిగా వినవచ్చుచున్నవి. తెలుగు కవిత్వమునకు దగిన భాషయే గాని చట్టమునకు దగిన భాష కాదనునది మొదటిది. నేరము చేసినవానికి శిక్ష పడిన చాలును, అది యే భాషలో పడిననేమి యనునది రెండవది. ఇప్పుడు ప్రతివాని జేబులోను ఫోను ఉన్నది, అది యే భాషనైనను క్షణములో తెలుగు చేసి చూపును, ఇంక ఈ భాషావివాదమేల యనునది మూడవది.

మొదటిది చరిత్రను గూర్చినది. రెండవది నేరవిచారణను గూర్చినది. మూడవది యంత్రమును గూర్చినది. పైకి మూడును వేర్వేరు విషయములు. కాని యివి ఒకదానికొకటి ఊతలు. మొదటిదానిని ఖండించినచో రెండవదాని చాటునకు పోవుదురు. రెండవదానిని ఖండించినచో మూడవదానిని చేతికి తీసికొందురు. ఈ మూటి నడుమ నలుగుచున్నవాడు మాత్రము ఒక్కడే. తనపై మోపబడిన నేరమేదో, తన్ను గూర్చి పోలీసువారు ఏమి వ్రాసిరో, న్యాయాధిపతి యేమి తేల్చెనో తెలియక బోనులో చేతులు కట్టుకొని నిలుచున్న తెలుగువాడే వాడు. వాని పక్షమున మేమీ మూడు మాటలను ఒక్కొక్కటిగా పరీక్షింపదలచితిమి.

తెలుగునకు చట్టము పలుకు శక్తి లేదనువారు తెలుగు చరిత్రను చదివినవారు కారు. కడప మండలములోని కలమళ్ళ శాసనము ఆరవ శతాబ్దమునాటిది. మనకు దొరకిన తొలి తెలుగు శాసనములలో నది యొకటి. అది పద్యకావ్యము కాదు, ప్రేమకథ కాదు, రేనాటి పాలకుల కాలమున రాతిపై చెక్కిన రాజవ్యవహారము. అనగా మన భాష వ్రాతలో కన్ను తెరచినదే కచేరీ పనికొరకు. నన్నయభట్టు భారతమున కుపక్రమించుటకు దాదాపు అయిదు వందల యేండ్లకు పూర్వమే తెలుగు రాజాజ్ఞను మోసినది. పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించెను. ఆ మితాక్షర ఏది? హిందువుల ఆస్తిపంపకములను గూర్చి బ్రిటిషు న్యాయస్థానములు సైతము ప్రమాణముగా గైకొన్న ధర్మశాస్త్రగ్రంథము. దానిని ఏడు శతాబ్దములకు పూర్వము మోయగలిగిన భాష, నేడొక దొంగతనపు కేసులో తీర్పును మోయజాలదట! భాషకు శక్తి చాలదనుట కాదిది. పలుకువారికి పూనిక చాలదనుటయే.

ఇంక ఆంగ్లము మాట. అది పుట్టుకతోడనే చట్టము నేర్చిన భాషయని మనవారి నమ్మకము. ఆ భాషకు దాని జన్మభూమిలో ఏమి గతి పట్టియుండెనో వారు విచారింపరు. నార్మనులు ఇంగ్లండును గెలిచిన పిమ్మట అచ్చటి న్యాయస్థానములలో ఫ్రెంచి పలుకబడెను, లాటిను వ్రాయబడెను. ఆంగ్లము సేద్యగాండ్ర భాష, బండివారి భాష యని పండితులు తృణీకరించిరి. 1362లో ఆ దేశపు పార్లమెంటు, ఫ్రెంచి ప్రజలకు తెలియకుండుటచేత, తమకు అనుకూలముగా నేమి చెప్పబడుచున్నదో ప్రతికూలముగా నేమి చెప్పబడుచున్నదో కక్షిదారులకే అర్థము కాకున్నదని గుర్తించి, వాదములు ఆంగ్లమున జరుగవలెనని శాసించెను. వింత యేమనగా ఆ శాసనము సైతము ఫ్రెంచి భాషలోనే వ్రాయబడెను! ఐనను న్యాయవాదులు లొంగలేదు. తమ ఫ్రెంచిని, లాటినును విడువలేదు. తుదకు 1730లో మరియొక శాసనము చేసి, 1733 నుండి రికార్డులతో సహా సమస్తమును ఆంగ్లమున జరుపవలెనని నిర్బంధించిరి. మొదటి శాసనమునకును దాని నెరవేర్పునకును నడుమ 371 సంవత్సరములు గడచినవి. నేడు తెలుగును గూర్చి మన న్యాయవాదులు చెప్పు ప్రతి ఆక్షేపణయు ఆనాడు ఆంగ్లమును గూర్చి ఆంగ్ల న్యాయవాదులు చెప్పినదే: పదములు లేవు, స్పష్టత లేదు, పూర్వపు తీర్పులన్నియు వేరు భాషలో నున్నవి. ఆంగ్లము ఆ యడ్డంకులను ఎట్లు దాటినది? తనకు లేని పదములను ఫ్రెంచి నుండి, లాటిను నుండి నిస్సంకోచముగా గైకొని దాటినది. జ్యూరీ, వెర్డిక్టు, బెయిలు ఫ్రెంచి నుండి వచ్చినవి; అఫిడవిటు, అలిబై లాటినువి. అప్పు తెచ్చుకొని ధనికుడైనవానిని చూచి, నీవు అప్పు చేయరాదని తెలుగువానికి చెప్పువారి నేమనవలెను?

అప్పు తెచ్చుట మనమును ఎరుగని విద్య కాదు. ఫిర్యాదు, వకీలు, జామీను, దస్తావేజు, నకలు — ఇవన్నియు పారసీకము నుండియు అరబ్బీ నుండియు వచ్చి మన పల్లెలలో స్థిరపడిన మాటలు. బ్రౌనుదొర యిట్టి మాటల కొరకే 1854లో ప్రత్యేకముగా మిశ్రభాషానిఘంటువును ప్రకటించెను. వీనిలో ముద్దాయి యను మాట చరిత్ర మిక్కిలి విలువగలది. అరబ్బీలో ఆ మాటకు అర్థము అభియోగము తెచ్చినవాడని. మన తెలుగులో దాని యర్థము అభియోగమునకు గురియైనవాడని. దారిలో మాట తలక్రిందులైనది! పండితుడు దీనిని తప్పనును. మేము దీనిని భాష చేసిన స్వాధీనమందుము. తనకు కావలసిన యర్థము నిచ్చి, పరాయిమాటను పనిలో పెట్టుకొనగల జనమునకు చట్టపు పదములు దొరకవను వాదము చెల్లదు. నేడు కోర్టు, లాయరు, సమను, వారంటు, బెయిలు అను మాటలు ఏ పల్లెలోని ముసలమ్మకైనను తెలియును. కొరత పదములలో లేదు.

ఇంత దూరము పోనేల? హైదరాబాదు నగరమునే చూడుడు. 1917లో అచ్చట అనువాదశాఖ స్థాపింపబడెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. న్యాయశాస్త్రము, వైద్యము, ఇంజనీరింగు సైతము ఉర్దూలో బోధింపబడినవి. ఆ రాజ్యపు హైకోర్టు ఉర్దూలోనే నడచినది. దేశభాషలో ఉన్నతన్యాయస్థానము నడవదనువారు ఆ నగరపు వీధులలోనే తిరుగుచు ఆ మాట ననుచున్నారు. అయితే ఆ కథకు రెండవ ముఖమును గలదు. ఆ రాజ్యములో అత్యధికసంఖ్యాకుల భాష తెలుగు. వారికి ఉర్దూ కచేరీ మరియొక పరాయి కచేరీయే. 1921లో కార్వేపండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వెంకటరామారావను వకీలు తెలుగున మాటలాడ లేచినంతనే సభలోనివారు గేలి చేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దేశభాషయైన మాత్రమున చాలదు. బోనులో నిలిచినవాని భాష కావలెనని ఆ రాజ్యము మనకు నేర్పిన పాఠము. ఈ పాఠమును మేము మరల చెప్పవలసి వచ్చును.

మొదటి మాటను విడుచుటకు ముందు ఒక్క సంవత్సరమును చదువరులకు జ్ఞాపకము చేయుదుము. 1908లో లోకమాన్య తిలకు ‘కేసరి’లో మరాఠీలో వ్రాసిన వ్యాసములకై బొంబాయి హైకోర్టులో విచారింపబడెను. జ్యూరీ ముందు నిలిచినవి ఆయన మరాఠీ వాక్యములు కావు, వాని ఆంగ్లానువాదములు. అనువాదములు తన భావమును వికృతము చేసినవని ఆయన సర్కారు అనువాదకుని స్వయముగా ప్రశ్నించెను. ఫలము లేకపోయెను. ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు, ఆరేండ్ల ప్రవాసశిక్ష, మాండలే చెరసాల. ఆ యేటనే బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని తెలుగు వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాలకు పంపబడిరి. చూడుడీ న్యాయము! రాజద్రోహము చేయుటకు తెలుగునకు చాలినంత శక్తి గలదు. తీర్పు చెప్పుటకు మాత్రము లేదు!

ఇంక రెండవ మాట. నేరము చేసినవానికి శిక్ష పడిన చాలును, భాషతో పనియేమి? ఈ ప్రశ్నలోనే మోసమున్నది. నేరము చేసినవాడెవడో తేలకముందే వానిని నేరస్థుడని పిలుచుచున్నది. 2022 సంవత్సరాంతమునకు మన దేశపు చెరసాలలలో నున్న సుమారు 5,73,000 మందిలో 4,34,000 మంది విచారణఖైదీలు. అనగా నలుగురిలో ముగ్గురు ఇంకను నేరము ఋజువు కానివారు. చట్టము దృష్టిలో వారు నిర్దోషులు. వారికి పత్రములు అర్థము కానిచో కలుగునది కేవలము మనస్తాపము కాదు. తానెక్కడ నుంటినని పోలీసులు వ్రాసిరో తెలిసినచో కదా, తానక్కడ లేనని చెప్పగలడు! ఏ సాక్షి తన్ను చూచితినని చెప్పెనో తెలిసినచో కదా, వానికిని తనకును గట్టుతగాదా గలదని వకీలునకు చెప్పగలడు! కేసులోని వాస్తవములు వకీలుకంటె ముద్దాయికి బాగుగా తెలియును. ఆ తెలిసినవానినే చెవిటివానిగా చేసి విచారణ జరుపుట న్యాయమునకే నష్టము. ఈ నష్టము నిర్దోషికి మాత్రమే కాదు. సాక్షి తెలుగున చెప్పినదానిని పెక్కుచోట్ల అప్పటికప్పుడు ఆంగ్లమున వ్రాయించుచుందురు. ‘కొట్టబోయినాడు’ అను మాటకును ‘కొట్టినాడు’ అను మాటకును నడుమ నున్న దూరము ఆ తొందరలో చెడినచో, దోషి తప్పించుకొనవచ్చును, నిర్దోషి చిక్కుకొనవచ్చును. బాధితుడును తెలుగువాడే గదా!

ఇది మా కల్పన కాదు. మన చట్టము పలుమారులు ఒప్పుకొన్న సత్యము. 1962లో హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధకారణములు నిర్బంధితునకు తెలిసిన భాషలో నుండవలెనని చెప్పినది. 1981లో లల్లూభాయి కేసులో, గుజరాతీ మాత్రమే ఎరిగినవానికి పోలీసు అధికారి కారణములను నోటితో వివరించితిననుట చాలదని, వ్రాతపూర్వకముగా వానికి తెలిసిన భాషలో నీయవలెనని తేల్చినది. 2025 నవంబరులో అరెస్టు విషయమునను ఇట్లే, కారణములను వ్రాతలో, ఆ మనుష్యునకు తెలిసిన భాషలో నీయవలెనని చెప్పినది. సాక్ష్యము ముద్దాయికి తెలియని భాషలో నున్నయెడల బహిరంగముగా వానికి తెలిసిన భాషలో వివరింపవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు విధించెను. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు ఆ విధిని నిలుపుకొన్నది. తీర్పు నకలు ముద్దాయి కోరినచో వాని భాషలోనికి మార్చి యీయవలెననియు నున్నది. ఐతే అచ్చటనే ఒక చిన్న మాట చేర్చబడినది: ‘సాధ్యమైనచో’. ఈ ఒక్క మాట తలుపు సందున పెట్టిన రాయి. హక్కు లోనికి రాబోవు వేళకు తలుపు మూతపడదు, తెరచుకొనదు. ఎవరికి సాధ్యము? ఎవరు తేల్చుదురు? సాధ్యము కాదని చెప్పుటకు ఎవరును శ్రమపడనక్కరలేదు.

హైకోర్టుల సంగతి యింతకంటె స్పష్టము. రాజ్యాంగపు 348వ అధికరణము హైకోర్టు వ్యవహారములకు ఆంగ్లమును నిర్ణయించినది. కాని రాష్ట్రపతి అనుమతితో గవర్నరు రాష్ట్రభాషను అనుమతింపవచ్చునని రెండవ ఖండమున త్రోవ విడిచినది. ఆ త్రోవను రాజస్థాను 1950లో, ఉత్తరప్రదేశ్ 1969లో, మధ్యప్రదేశ్ 1971లో, బీహారు 1972లో నడచినవి. ఆ నాలుగింట హిందీ ప్రవేశించినది. ఆకాశము విరిగి పడలేదు. తరువాత తమిళనాడు, గుజరాతు, ఛత్తీస్‌గఢ్, పశ్చిమబెంగాలు, కర్ణాటకములు తమ భాషల కొరకు అడిగినవి. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయాధిపతుల పూర్ణసభ వానిని అంగీకరింపలేదు. హిందీకి తగిన పీఠము తమిళమునకు, వంగభాషకు ఏల తగదో మాకు బోధపడుట లేదు. కాని మమ్మును మరింత బాధించునది వేరొకటి. తిరస్కృతమైన ఆ అయిదు విన్నపములలో తెలుగు పేరు లేదు. భాష ప్రాతిపదికను రాష్ట్రము కొరకు 1952లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణమిచ్చిరి. 1966లో తెలుగును అధికారభాషగా శాసించుకొంటిమి. 2019 జనవరి 1 నుండి మనకు రెండు హైకోర్టులు గలవు. 2011 జనాభా లెక్కలలో 8 కోట్ల 11 లక్షల మంది తెలుగు మాతృభాషయని వ్రాయించుకొనిరి. ఇంతవారము అడిగి కాదనిపించుకొన్న వారి వరుసలో నైనను లేకపోతిమి!

సాధ్యము కాదనువారికి 2023 జూన్ మాసమును చూపుదుము. తెలంగాణ హైకోర్టులోని ఇరువురు న్యాయాధిపతుల ధర్మాసనము ఒక సివిలు అప్పీలులో తెలుగున తీర్పు వ్రాసి ప్రకటించినది. పదములు దొరకినవి, వాక్యములు నిలిచినవి. ఒక ఆస్తితగాదాలో సాధ్యమైనది ఒకని స్వేచ్ఛకు సంబంధించిన తగాదాలో సాధ్యము కాదా?

కొత్త శిక్షాస్మృతులు వచ్చినవి గదా, పేర్లన్నియు మనవే గదా యని కొందరు తృప్తి పడుచున్నారు. 1860 నాటి పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినమాట నిజము. పేరు సంస్కృతమైనది, లోపలి వ్యవహారము ఎప్పటివలెనే సాగుచున్నది. పల్లెలో మోసగానిని ఇప్పటికిని ‘ఫోర్ ట్వంటీ’ యని తిట్టుచున్నారు. ఆ నేరము 318వ సెక్షనునకు పోయి చాలకాలమైనది. ప్రజలు నూటయరువది యేండ్లలో పీనల్ కోడు నుండి నేర్చుకొన్న మాట ఒక్క అంకె! చట్టము ప్రజలకు ఎంత దూరమున నున్నదో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. దుకాణముపై బోర్డు మార్చినంత మాత్రమున లోపలి తూకము సరికాదు.

ఇంక మూడవ మాట, అన్నిటికంటె క్రొత్తది, అన్నిటికంటె తియ్యనిది: యంత్రమున్నది, భయము వలదు. యంత్రమునకు మేము విరోధులము కాము. తెలుగు లిపికి 1991లోనే ప్రపంచ కంప్యూటరు లిపిసంకేతమైన యూనికోడులో స్థానము లభించినది. నేడు చేతిఫోనులో తెలుగున వ్రాసికొనువారు లక్షలాది. ఇది గొప్ప లాభము. కాని యంత్రమును గూర్చి మనవారి భక్తి ఎంత గ్రుడ్డిదో 2018 ఫిబ్రవరిలో తేలినది. తెలుగులోని ‘జ్ఞా’ యను సంయుక్తాక్షరము ఒక ప్రత్యేక రూపమున వచ్చినచో ఐఫోనులలో యాపులు కుప్పకూలినవి. జ్ఞానమునకు మొదటి యక్షరమే ఆ ఫోనునకు పొసగలేదు! అప్పుడు మన పట్టణములలో వినవచ్చిన మాట యేమి? తెలుగు లిపి మిక్కిలి జటిలము, అందుచేతనే ఫోను తట్టుకొనలేకపోయినదని! తప్పు లిపిలో లేదు. ఆ లిపిని సరిగా చదువని సాఫ్టువేరులో నున్నది. ఆ మాసములోనే కంపెనీ తన తప్పును దిద్దుకొన్నది. తెలుగు మాత్రము ఒక్క కొమ్మునైనను దిద్దుకొనలేదు. యంత్రమునకును భాషకును తగవు వచ్చినప్పుడు భాషనే నిందించు ఈ యలవాటు చట్టమునకును భాషకును తగవు వచ్చినప్పుడు కనబరచిన యలవాటే.

అనువాదయంత్రము సంగతియు ఇట్టిదే. సుప్రీంకోర్టు 2019లో ‘సువాస్’ అను అనువాదసాధనమును ప్రవేశపెట్టినది. తన తీర్పులను తెలుగుతో సహా దేశభాషలలో ప్రకటించుచున్నది. మెచ్చదగిన పని. కాని యా యనువాదములకు ప్రామాణ్యము లేదు. అమలు విషయమున ఆంగ్లప్రతియే ప్రమాణము. ఏల? యంత్రమునకు మాటలు తెలియును, సందర్భము తెలియదు. ‘సెంటెన్సు’ అనగా వాక్యమును అగును, శిక్షయు అగును. ‘ఛార్జి’ అనగా రుసుమును అగును, అభియోగమును అగును. ‘లీవు’ అనగా సెలవును అగును, అప్పీలునకు అనుమతియు అగును. సినిమాప్రకటనలో ఇట్టి పొరపాటు నవ్వు తెప్పించును. తీర్పులో నొకని నెలలను, ఏండ్లను మ్రింగును. తన తప్పునకు యంత్రము సంజాయిషీ చెప్పదు. దానిని బోను ఎక్కించి ప్రశ్నింపలేము. తిలకునకు సర్కారు అనువాదకుని ప్రశ్నించు అవకాశమైన దొరకినది. జేబులోని ఫోనును నమ్మి చెరసాలకు పోయినవానికి ఆ యవకాశమును లేదు. మరియు చెరసాలలో వాని చేతికి ఫోను నెవరిత్తురు? అక్కర కలిగిన చోట లేని సాధనమును చూపి హక్కును కొట్టివేయుట పరిహాసము.

అట్లయిన యంత్రముతో ప్రయోజనము లేదా? కలదు, కాని జనులు తలచుచున్న చోట కాదు. కొత్త సంహిత సోదాలను వీడియో తీయుమన్నది, ఫోనుతోనైనను తీయుమన్నది. ఇంటి నుండియే ఎలక్ట్రానిక్ మార్గమున ఫిర్యాదు పంపి, మూడు దినములలో సంతకము చేయవచ్చునన్నది. విచారణలను తెరపై జరుపవచ్చునన్నది. ప్రభుత్వము తన సౌకర్యమునకు యంత్రమును ఇంత నమ్మినప్పుడు, ముద్దాయి సౌకర్యమునకు ‘సాధ్యము కాదు’ అను మాట యెట్లు నిలుచును? యంత్రము చిత్తుప్రతిని నిమిషములలో సిద్ధము చేయును. చదువుకొన్న మనుష్యుడు దానిని సరిచూచి సంతకము పెట్టవలెను. నాడు పదిదినముల పని, నేడు ఒక పూట పని. కావున యంత్రము హక్కునకు బదులు కాదు. హక్కును ఎగవేయుటకు చెప్పుచున్న సాకునకు ముగింపు.

ఇట మాకు రెండు ఆక్షేపణలు చెప్పుదురు. న్యాయాధిపతులు ఇతర రాష్ట్రముల నుండియు వత్తురు, వారికి తెలుగు రాదనునది మొదటిది. నిజమే. న్యాయాధిపతికి తెలుగు రాకుండుట యొక చిక్కు. ముద్దాయికి ఆంగ్లము రాకుండుట యొక చిక్కు. మొదటివానికి అనువాదకుని, గుమాస్తాను, గ్రంథాలయమును ప్రభుత్వ మీయగలదు. రెండవవానికి సంకెల తప్ప వేరొకటి లేదు. ఈ యిద్దరిలో భారమెవరు మోయవలెను? అప్పీళ్లు ఢిల్లీకి పోవును, అచ్చట ఆంగ్లము కావలెననునది రెండవది. పోవునవి కొన్ని, పోనివి లెక్కకు మిక్కిలి. కొన్నిటి కొరకు అన్నిటిని ఆంగ్లము చేయుటకంటె, పోవువానినే ఆంగ్లము చేయుట చౌక.

మూడవ ఆక్షేపణ మాకు మేమే చెప్పుకొనవలసినది. అది మిగిలినవానికంటె బలమైనది. తెలుగు రాష్ట్రములలో తెలుగు మాత్రమే లేదు. ఆదిలాబాదు అడవులలో గోండులున్నారు. శ్రీకాకుళపు కొండలలో సవరలున్నారు. కోయలు, లంబాడీలు ఉన్నారు. ఉర్దూ పలుకువారు లక్షలాది గలరు. గోండీ మాత్రమే యెరిగిన ముద్దాయికి తెలుగు తీర్పు ఆంగ్లపు తీర్పుకంటె ఏమి మేలు? 1921లో మనలను గేలి చేసినవారి పీఠమున మనమే కూర్చుండి, కొండవానిని గేలి చేయుట తెలుగుతనము కాదు. గిడుగు రామమూర్తిపంతులుగారు తెలుగు వాడుకభాషకై పోరాడిన చేతితోనే సవరభాషను నేర్చి గ్రంథస్థము చేసిరి. మా కోరిక తెలుగు రాజ్యమేలవలెనని కాదు. విచారింపబడువానికి విచారణ తెలియవలెనని. ఈ నియమము తెలుగువానికి ఆంగ్లముపై ఎట్లు చెల్లునో, గోండునకు తెలుగుపై అట్లే చెల్లవలెను.

మరియొక హెచ్చరిక. ఇంగ్లండులో భాష మారిన పిమ్మట, ప్రజలకు చట్టము మునుపటివలెనే తెలియకున్నదని బ్లాక్‌స్టను పండితుడు వ్రాసెను. ఆయన మాటను మేము కొట్టివేయము. నిఘంటువు లేనిదే కదలని దీర్ఘసమాసములతో, ఆంగ్లవాక్యమును తలక్రిందులుగా వ్రేలాడదీసిన తెలుగుతో తీర్పు వ్రాసినచో ముద్దాయికి మరియొక పరాయిభాష సృష్టించిన వారమగుదుము. ముద్దాయిని ముద్దాయి యనుడు, బెయిలును బెయిలనుడు. పల్లెలో తెలిసిన మాటను పీకివేసి తెలియని మాటను నాటుట భాషాసేవ కాదు.

కావున మేము కోరునవి నాలుగు. నాలుగును నేటి చట్టమునకును నేటి యంత్రమునకును లోబడినవే. అరెస్టు కారణములను, అభియోగపత్రమును ముద్దాయికి తెలిసిన భాషలో వ్రాసి, ముద్దాయికే ఈయవలెను. సాక్షి పలికిన మాట సాక్షి భాషలోనే వ్రాయబడవలెను. ధ్వనిముద్రణము చేసి కేసుతో నుంచవలెను. శిక్షవేసిన ప్రతి తీర్పునకు సంతకముతో కూడిన అనువాదము, ముద్దాయి అడుగకముందే, ‘సాధ్యమైనచో’ అను మాట లేకుండ, అప్పీలు గడువునకు లోపల అందవలెను. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును 348వ అధికరణపు త్రోవలో ఢిల్లీకి విన్నపము పంపవలెను. త్రోసివేసినచో మరల పంపవలెను.

చదువరులారా! ఈ మూడు మాటలును రేపు మీ పఠనమందిరములో మరల వినబడును. విని యూరకుండకుడు. తెలుగునకు శక్తి లేదనువానిని కేతన యెవరని అడుగుడు. నేరస్థునకు భాషయేల యనువానిని, నేరము ఋజువైనదా యని అడుగుడు. ఫోనున్నది గదా యనువానిని, చెరసాలలోనా యని అడుగుడు. అడుగువాడు లేనందుననే ఇవి సత్యములుగా చెలామణి యగుచున్నవి. ఆంగ్లేయులకు తమ భాషను తమ న్యాయస్థానములోనికి తెచ్చుకొనుటకు 371 సంవత్సరములు పట్టినది. రాజ్యాంగము వచ్చి మనకు డెబ్బదియైదు సంవత్సరములు దాటినవి. వారి లెక్కకు సరిపోవు దాక ఆగుదమా?